ఎడమ కాదు, కుడి

"బీగాలు ఇయ్యి వదినా. మర్యాదగా అడుగుతాండా."

"ఇయ్యను."

"అన్నా, నీ పెండ్లానికి నువ్వన్నా సెప్పు."

జయరాం ఏమీ చెప్పలేదు. వారం రోజుల జ్వరం నుంచి నిన్ననే లేచిన మనిషి. అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, వాకిట్లో నిలబెట్టిన తెల్ల కారు వంకే చూస్తున్నాడు. ఆ మౌనం తమ్ముడు ఉరుకుందు వైపో భార్య వైపో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. పదహారేళ్లు కాపురం చేసిన మహాదేవికే అంతుపట్టలేదు.

కారు తాళంచెవులు మహాదేవి కొంగు ముడిలో ఉన్నాయి. పొద్దున కల్లాపి చల్లేటప్పుడు నడుముకు దోపిన కొంగు, తొమ్మిదైనా తీయలేదు. కారు తలుపుకు వీపు ఆనించి, చేతులు కట్టుకుని, ఎవరు కదిలిస్తారో చూద్దామన్నట్టు నిలబడింది.

లోపల నడవలో మహేశ్వరి కొత్త చీర కట్టుకుని కూర్చుంది. ఉరుకుందు భార్య, ఆ ఇంటి చిన్న కోడలు. తొలిచూలు, ఏడో నెల. ఆమెను పురిటికి తీసుకుపోవడానికి తల్లి సరస్వతమ్మ గోనెగండ్ల నుంచి తొలి బస్సుకే వచ్చింది. "రావడానికి బస్సయినా పోవడానికి మా బండే వదినా, పిల్లను గుంతల్లో ఎగరనీయం" అని అత్త రామమ్మ ఫోనులో వియ్యపురాలికి గొప్పగా మాట ఇచ్చింది. ఇప్పుడు ఆ మాట వాకిట్లో నిలబడి ఉంది, దాని ముందు పెద్ద కోడలు నిలబడి ఉంది.

పది గంటల లోపల ఒడి నింపించుకుని గడప దాటాలని పంతులు చెప్పాడు. గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది.

రామమ్మ కుంకుమ గిన్నె చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏమ్మే మహాదేవీ, శుభమా అని పిల్ల పయనమైతాంటే ఏంది నీ రభస? పోయిన వారమే గదా నీ మాట ఇని బేరింగు మార్పిచ్చింది?"

"మార్పిచ్చినారు అత్తా. ఎడమ చక్రానిది."

"ఎడమది పోయిందని సెప్పింది ఎవరు?"

"నేనే."

"మరింకేంది?"

"తప్పు సెప్పినా. ఎడమ కాదు, కుడి."

ఉరుకుందు చప్పట్లు కొట్టి మరీ నవ్వాడు. "ఇనండి! పోయిన వారం ఎడమ, ఈ వారం కుడి. వచ్చే వారం స్టెప్నీ అంటాది!"

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. మహాదేవికి తోటికోడలు మంచిదే దొరికింది, నవ్వే పని మరిది తీసుకున్నాడు. జయరాం జ్వరంతో పడుకున్నాడని ఉరుకుందే కారును మెకానిక్కు అయ్యన్న షెడ్డుకు తోలుకుపోయి, ఎడమ బేరింగు మార్పించుకొచ్చాడు. బండి నడుస్తుంటే చక్రం దగ్గర వచ్చే మోత మాత్రం తగ్గలేదు. ఆ సాయంత్రం నుంచి నవ్వుతూనే ఉన్నాడు. అన్నం దగ్గర నవ్వాడు. "మా వదిన ఉండగా మాకు మెకానిక్కు యాల?" అని టీ అంగడిలో చెప్పి నలుగురినీ నవ్వించాడు. ఇంక ఆ మోత టైర్లదని అతనూ, నరదిష్టి అని రామమ్మా తేల్చేశారు. అందుకే ఇవాళ బంపరుకు నల్లతాడు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు.

మహాదేవికి ఒళ్లు మండిపోతోంది. ఆ మంట కింద కొంచెం సిగ్గు కూడా ఉంది. ఎడమ అన్న నోరు తనదే కదా.

ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో ఆమె పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. అక్కడ దుర్గప్ప అని ముసలి మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. యంత్రాలు తిరుగుతుండగానే బేరింగు గూటి మీద ఒక కట్టె కొస పెట్టి, రెండో కొస చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. అన్ని యంత్రాల హోరులోనూ ఆ ఒక్క బేరింగు గొంతు కట్టె వెంట నడిచి చెవిలోకి వచ్చేది. మహాదేవి అడిగి మరీ ఆ విద్య నేర్చుకుంది. ఆయన లేని రోజున మూడో వరసలో ఒక బేరింగు గరగరలాడుతోందని చెప్తే, "నువ్వు పత్తి ఏసేది సూడు" అన్నాడు సూపర్‌వైజరు. మూడో రోజుకు ఆ గూడు ఎర్రగా కాలి పక్కనున్న దూదికి అంటుకుంది. ఆడవాళ్లంతా చెప్పులు వదిలేసి బయటికి పరుగెత్తారు. ఆ పరుగు ఆమె మరిచిపోలేదు.

అయితే మిల్లు యంత్రం వేసినచోటే ఉంటుంది. మోత ఎక్కడ గట్టిగా వినబడితే రోగం అక్కడే. కారు అలా కాదు. పద్దెనిమిదేళ్ల పాత రేకు డబ్బాలో మోత ఒక మూల పుట్టి ఇంకో మూల పలుకుతుంది. ముందు సీట్లో ఎడమ పక్క కూర్చున్న మహాదేవికి అది తన కాళ్ల కిందే వినబడింది. మిల్లు బుద్ధితో ఎడమ అనేసింది. తప్పే. కానీ తప్పు పక్కది, మోత అబద్ధం కాదు.

"ఇప్పుడు కుడి అని నీకెవరు సెప్పిరి? కలలో వచ్చినాడా దేవుడు?" అన్నాడు ఉరుకుందు.

"నువ్వే సెప్పినావు."

"నేనా!"

"ఆదివారం ఆదోని నుంచి నువ్వే గదా తోలుకొచ్చింది. నేను ఎనక కూచుంటి. రోడ్డు ఎడమకు వంగినప్పుడల్లా మోత పెరిగె. కుడికి వంగితే తగ్గె. ఒకసారి కాదప్పా, ప్రతి వంపుకూ."

"అయితే?"

"నెత్తిన పత్తిమూట పెట్టుకుని బిరబిరా నడుస్తా ఎడమకు తిరుగు. బరువు ఏ పక్కకు తోస్తాది?"

"నేను మూటలు మోయను."

"అందుకే నీకు తెలీదు. కుడికి తోస్తాది. కుడి కాలు బాగలేకుంటే ఆడ మూలుగుతావు. బండి గూడా అంతే."

అరుగు మీద జయరాం దుప్పటి కొంచెం జరిపాడు. అంతే.

నడవలోంచి మహేశ్వరి గొంతు వచ్చింది. "అక్కా, నిజంగానే అంత భయమా?"

"అపశకునం మాటలు ఆడకండి!" రామమ్మ గదిమింది. కానీ వియ్యపురాలు అప్పటికే తమలపాకులు పళ్లెంలో పెట్టేసి గడప దాకా వచ్చింది. కూతురి కడుపు సంగతి వచ్చాక ఏ తల్లికి మర్యాదలు గుర్తుంటాయి?

మహాదేవి ఆమెకూ వినబడేట్టు చెప్పింది. "బేరింగు మోగినంతసేపు మనతో మాట్లాడుతాండాదని అర్థం పిన్నమ్మా. అది పగిలితే మాట్లాడదు. చక్రం ఊగుతాది, లేదంటే బిగుసుకుంటాది. పోతాండే బండి ఏ పక్క లాగుతాదో తోలేవానికే తెలీదు. ఇంట్లో నన్ను ఏమన్నా అనుకోండి. ఈ పిల్లను మాత్రం ఈ బండిలో ఎక్కనీయను."

"అంటే నా పెండ్లాన్ని నేను సూసుకోలేనా?" ఉరుకుందు గొంతు లేచింది.

"సూసుకో. చక్రం సూసినాక."

"మిల్లులో పత్తి ఏసేదానివి, నువ్వు నాకు బండి నేర్పిస్తావా?"

"అవును, పత్తి ఏసేదాన్నే. ఆ పత్తి కూలితోనే ఈ బండికి నాలుగు టైర్లు వచ్చినాయి. మరిసిపోయినావా?"

ఆ దెబ్బకు ఉరుకుందు చూపు టైర్ల మీదికి పోయింది. రామమ్మ కుంకుమ గిన్నెను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

మహాదేవి అత్త వైపు తిరిగింది. "అత్తా, పావుగంట ఇయ్యి. కుడి చక్రం జాకీ మీద లేపుదాం. నాది తప్పయితే బీగాలు నీ సేతిలో పెడతా, ఇంక ఈ బండి మాట ఈ నోట రాదు. ఒట్టు."

"అదేం అవసరం లేదు," అన్నాడు ఉరుకుందు.

మరీ వెంటనే అన్నాడు. ఇంతసేపూ నవ్విన మనిషి ఈ మాట నవ్వకుండా అన్నాడు. మహాదేవి అది గమనించింది కానీ ఎందుకో అర్థం కాలేదు.

అప్పుడు జయరాం నోరు తెరిచాడు. "జాకీ తీయి."

"అన్నా, జ్వరం మనిషివి నువ్వు..."

"తీయిరా."

ఉరుకుందు కదల్లేదు. మహాదేవే కొంగు ముడి విప్పి డిక్కీ తెరిచి, జాకీ, పానా తీసింది. డిక్కీ మూయగానే తాళంచెవులు మళ్లీ ముడిలోకి పోయాయి. ఆ విషయంలో ఆమెకు ఎవరి మీదా నమ్మకం లేదు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, కుడి పక్క ముందు భాగాన్ని లేపారు. కింద నలగాల్సిన నిమ్మకాయ నలగకుండానే దొర్లి మురుగు మోరీ దగ్గర ఆగింది. రామమ్మ "రామ రామ" అనుకుంది.

జయరాం చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాడు. 'టక్' మంది. మళ్లీ ఊపాడు. మళ్లీ 'టక్'. చాలా చిన్న చప్పుడు.

"పాత బండి అన్నాక ఆమాత్రం ఉండదా?" అన్నాడు ఉరుకుందు.

మహాదేవి లోపలికి పోయి పప్పుగుత్తి తెచ్చింది.

"ఏంది వదినా, బండికి పప్పు ఎనపతావా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

స్టీరింగు పూర్తిగా తిప్పితే చక్రం వెనకనున్న ఇనుప గూడు బయటపడింది. మహాదేవి నేల మీద కూర్చుని, పప్పుగుత్తి పిడి కొసను ఆ గూటికి ఆనించి, గుండ్రటి తలకు చెవి పెట్టింది. "తిప్పు," అంది మొగుడితో. జయరాం రెండు చేతులతో చక్రం తిప్పాడు.

ఆమె కళ్లు మూసుకుంది. పళ్లు నూరుతున్నట్టు గరగర. చక్రం చుట్టు తిరిగి ఒకచోటికి వచ్చేసరికి తట్టుకున్నట్టు ఒక చిన్న ఎదురు, మళ్లీ గరగర. మిల్లులో మూడో వరస గుర్తొచ్చింది. తన మాట గెలిచిందన్న సంతోషం రాలేదు. ఈ చక్రం మీదనే కదా ఆదివారం అందరం ఎక్కి వచ్చాం అనిపించింది.

"అత్తా, నువ్వు ఇను."

"నేనా? నాకేం తెలుస్తాది?"

"నీకే తెలుస్తాది. నలభై ఏండ్లు ఇసుర్రాయి తిప్పిన చెవులు నీవి. దా."

రామమ్మ కుంకుమ గిన్నె అరుగు మీద పెట్టింది. మోకాళ్లు పట్టుకుని కూర్చుని పప్పుగుత్తికి చెవి ఆనించింది. జయరాం తిప్పాడు. ఆమె మొహంలో కోపం అలాగే ఉంది కానీ కనుబొమలు దగ్గరికి వచ్చాయి.

"ఎడమది గూడా ఇనిపీ," అంది.

జాకీ మార్చి ఎడమ పక్క లేపారు. అక్కడ కొత్త బేరింగు. పప్పుగుత్తిలో గాలి తోలినట్టు సన్నటి చప్పుడు తప్ప ఏమీ లేదు. రామమ్మ చాలాసేపు విన్నది. వినడం అయిపోయాక కూడా లేవలేదు.

"ఏమైందమ్మా?" అన్నాడు జయరాం.

"కుడిది, జొన్నల్లో ఇసుక కలిసి ఇసిరినట్టు ఉండాది," అంది రామమ్మ. పెద్ద కోడలి మొహం వైపు మాత్రం చూడలేదు. ఒప్పుకోవడం వేరు, ఒప్పుకున్నట్టు కనబడటం వేరు.

గడియారం పదికి పది నిమిషాలు చూపిస్తోంది. రామమ్మ గబగబా లేచింది. బండి ఏమైనా కానీ, ముహూర్తం పోకూడదు. మహేశ్వరిని తూర్పు మొహంగా కూర్చోబెట్టి బియ్యం, పసుపుకొమ్ములు, కొబ్బరిగిన్నె, రవికెగుడ్డ ఒడిలో పోసింది. "కుడి కాలు ముందు పెట్టి దాటు. దాటినాక ఎవరు పిలిచినా ఎనక్కి తిరిగి సూడద్దు. పయనం కట్టిన మనిషి ఎనక్కి తిరగకూడదు," అని చెప్పింది. మహేశ్వరి ఒడి పట్టుకుని గడప దాటి అరుగు మీద కూర్చుంది. ఇంక ఆమెకు ఇంట్లో చోటు లేదు, పోవడానికి బండి లేదు.

"ఇంత దూరం వచ్చినాక ఆగేదేంది?" ఉరుకుందు మళ్లీ అందుకున్నాడు. "గోనెగండ్ల ఏమన్నా కాశీనా? నిదానంగా తోలుతా. మోగే చక్రం మోగినంత మాత్రాన ఊడిపోదు."

"అయ్యన్నను అడుగుదాం," అన్నాడు జయరాం. "బేరింగు ఉంటే ఈడికే తెచ్చి ఏస్తాడు."

"ఆయప్ప పొద్దున్నే పత్తికొండకు పోయినాడంట. ఫోను ఎత్తడు."

"ఎత్తితే ఎత్తుతాడు, లేకుంటే లేదు. నీదేం పోయింది?"

జయరాం చేతులనిండా గ్రీజు. ఒక వేలితో నంబరు నొక్కి, ఫోను బానెట్టు మీద పెట్టి స్పీకరు వేశాడు. రెండుసార్లు మోగగానే అయ్యన్న ఎత్తాడు.

"ఏమన్నా జయరామన్నా, జ్వరం తగ్గెనా?"

"తగ్గినాది అయ్యన్నా. మా బండి కుడి పక్క ముందు చక్రం..."

"ఆ, కుడిది! ఏయిస్తారా ఇప్పుడన్నా? ఆ పొద్దే సెప్పినా గదన్నా మీ తమ్మునికి. ఎడమది సుబ్బరంగా ఉండాది, పోయింది కుడిదప్పా అని. ఇప్పి సేతికిచ్చి సూపించినా. ఇంటే గదా!"

జయరాం తల ఎత్తలేదు. "ఏమన్నాడు?"

"'మా వదిన ఎడమ అనింది, ఎడమదే మార్చు. ఆమె మాట ప్రకారమే సేసినాం అని ఇంట్లో సెప్తా' అని నవ్వినాడు. నేను తమాషా అనుకుంటి. రెండు రోజులకు మళ్లీ తెస్తాడులే అనుకుంటి. తేలేదా? అన్నా... ఉండావా? బండి దూరం తోలద్దన్నా దాన్ని."

ఫోను ఆగిపోయాక అందరి చూపూ ఉరుకుందు మీదికి తిరిగింది.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లి తన కూననే నోట కరుచుకుని ఆడింది. ఉరుకుందు దుర్మార్గుడా అంటే కాదు. పెండ్లాం మీద ప్రేమ లేనివాడూ కాదు. ఒక ఆడమనిషి తనకన్నా ముందు ఒక మాట కనిపెట్టడం అతనికి మింగుడుపడలేదు, అంతే. ఆ అంత చాలు, ఒక చక్రం ఊడటానికి.

మహాదేవి మరిదిని తిట్టడానికి నోరు తెరిచింది. ఇన్ని రోజులు పడిన నవ్వులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి, తన మీద తనకే కోపం వచ్చి మోచేత్తో తుడుచుకుంది.

లేచింది మహేశ్వరి.

"నీకు తెలుసునా?" మొగుణ్ణి అడిగింది.

"అది కాదు మహేశూ..."

"తెలుసునా, తెలీదా?"

"మోతే గదా అనుకుంటి. వదినకు కొంచెం తల దిగాలని..."

"అక్క తల దిగనీకి నన్ను ఎక్కిస్తాంటివి. నన్నూ, కడుపులో దాన్నీ."

పెళ్లయిన రెండేళ్లలో మొగుడి ముందు ఇంత మాట ఆమె ఎప్పుడూ ఆడలేదు. "అమ్మా, నడువు. అక్కా, బస్టాండు దాకా రా."

"కడుపుతో ఉండే పిల్లవు బస్సులోనా!" రామమ్మ అడ్డం వచ్చింది. "ఊరు సూస్తే ఏమనుకుంటాది? ఆటో పిలుస్తా, ఉండు."

"సూడనీ అత్తా. ఆటో అయినా బస్సయినా ఎక్కుతా. ఈ మనిషి తోలేది మాత్రం ఎక్కను." ఉరుకుందు వైపు తిరిగింది. "పురుడైనాక నన్నూ బిడ్డనూ తోల్కరానీకి నువ్వు రావద్దు. అక్క వస్తే వస్తా. అక్క రాకుంటే ఈ గడప తొక్కను."

సరస్వతమ్మ ఒక్క మాట మాట్లాడకుండా కూతురి సంచి అందుకుంది. అల్లుడికి పోయొస్తామని చెప్పలేదు.

మహాదేవి కొంగు ముడి విప్పింది. పొద్దున్నుంచి ఎవరికీ ఇవ్వని తాళంచెవులు మొగుడి గ్రీజు చేతిలో పెట్టింది. "అయ్యన్ననే ఈడికి రమ్మను. బండి వాకిలి దాటద్దు," అంది.

జయరాం గుప్పిట మూశాడు. "నేను ఉండానులే, నువ్వు పో," అన్నాడు. ఆ రెండు మాటల కోసం ఆమె వారం రోజులుగా ఎదురుచూసింది.

ముగ్గురు ఆడవాళ్లు వీధిలోకి దిగారు. మధ్యలో ఒడి పట్టుకుని మహేశ్వరి, అటొకరు ఇటొకరు. జాకీ మీద లేచిన కారు పక్కనుంచి ఉరుకుందు నాలుగడుగులు వేసి ఆగాడు.

"మహేశూ!"

ఆమె నడుస్తూనే ఉంది.

"మహేశూ, ఒక్క మాట ఇని పో!"

అతను తల్లి వైపు చూశాడు, పిలవమన్నట్టు. రామమ్మ పిలవలేదు. పయనం కట్టిన మనిషి వెనక్కి తిరగకూడదని పది నిమిషాల కిందట తన నోటితోనే చెప్పింది.